రంగు అన్నచోట రాసిన మాట

పైడయ్య గురువుగారు ప్రశ్నకు నోటితో జవాబు చెప్పరు. చేతికర్ర అందుకుని లేస్తారు. అడిగినవాడు వెనకాలే నడవాలి.

ఒక మాఘమాసపు పొద్దున శిష్యుడు లచ్చయ్య ఆయన ముందు బెల్లం ముక్క పెట్టాడు. తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది. అది లచ్చయ్య పుట్టిన గుమ్మలవలస బెల్లం. ఆ పేరు ఇంకే ఊరివాళ్లూ వాడకూడదని మూడేళ్ల కిందట సర్కారు ముద్ర ఇచ్చింది. అప్పట్లో లచ్చయ్య పట్నంలో గుమాస్తా. ఎండాకాలంలో ఒక్కపూట ఊరికి వచ్చి, పెద్దల్ని అడిగి, దరఖాస్తు రాసిపెట్టింది అతనే. చిన్నప్పుడు తిన్న ఆ బెల్లం కంటపడి, నాలుకకు తగిలి అప్పటికే నలభై ఏళ్లయింది.

“అయ్యా, ఇది తియ్యగా ఉంది, అంతే. ఆ పొగ వాసన లేదు, చివర్న తగిలే ఉప్పదనం లేదు. మారింది బెల్లమా, నా నాలుకా?”

గురువుగారు కర్ర అందుకున్నారు.

గుమ్మలవలసలో గట్టు పొడుగునా పెద్ద పెనాల్లో చెరకురసం ఉడుకుతోంది. కుర్రాళ్లు పాకంలో గుప్పెడు తెల్లపొడి జల్లారు. మట్టిరంగు పాకం చూస్తుండగానే పసుపు తిరిగింది.

“అదెందుకురా?” అన్నాడు లచ్చయ్య.

“ముద్ర కావాలంటే బంగారు రంగు రావాల తాతా. కాయితంలో రాసున్నాది.”

చేలకు అటు చివర ఒక్క పెనం దగ్గర నీలమ్మ అనే ముసలామె ఉంది. బెండకాడలు దంచి, ఆ జిగురు పోసి, పైకి తేలిన మడ్డి తీస్తోంది. ఆమె బెల్లం దిమ్మలు తడిసిన రేగడిమట్టిలా నల్లగా ఉన్నాయి. అడక్కుండానే ఒక ముక్క విరిచి లచ్చయ్య చేతిలో పెట్టింది.

ముందు పొగ వచ్చింది. తర్వాత తీపి. చాలాసేపటికి, ఎక్కడో అడుగున, ఉప్పదనం. లచ్చయ్య కళ్లు మూసుకున్నాడు. అమ్మ కొంగు ముఖానికి తగిలినట్టే అయింది.

“దీనికి ముద్ర ఏదమ్మా?”

“నల్లగున్నాదని ఎయ్యలేదు బాబూ. ముద్ర లేందే కొట్టువోడు ముట్టడు. ఈ యేటితో పెనం దించీస్తాను.”

“బంగారు రంగే ఉండాలని ఎవరన్నారు?”

నీలమ్మ నవ్వింది. “మీ బెల్లం ఎలాగుంటాదని అడిగినారంట. మాయత్త ‘మా బెల్లం బంగారం బాబూ’ అన్నాది. బంగారం కాదేటి మరి! రాసినాయన ఆ మాట అట్టుకెల్లి రంగు అన్నకాడ ఎట్టీసినాడు. సదువుకున్నోడు కదా!”

లచ్చయ్య తల దించుకున్నాడు. “ఆ రాసింది నేనేనమ్మా.”

నీలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తిట్టలేదు. ఇంకో ముక్క, ఈసారి పెద్దది, విరిచింది.

“అప్పుడెవులూ నీ సేతిలో ముక్క ఎట్టలేదేటి, బాబూ? తిను.”

లచ్చయ్య అది నోట్లో వేసుకుంటూనే గురువుగారి వైపు తిరిగాడు. రెండో చెయ్యి జేబులో కలం వెతుకుతోంది. “అయ్యా, ఇవాళే మళ్లీ రాస్తాను. ఆ మాట కొట్టేయమంటాను. ఈమె పెనం దించకముందే...”

గురువుగారు అన్నారు: “రాద్దువుగాని. నోట్లోది కరగనీ.”