చిక్కం విప్పిన శిలాసురుడు

కంకర తవ్వుకున్నన్నాళ్లు తవ్వుకుని మనుషులు వదిలేసిపోయిన క్వారీ ఒకటి కొండకింద ఉండేది. వాళ్లకి అక్కర్లేని చోటు జంతువులకి నాటకాల చోటయింది. మధ్యలో ఎత్తుగా మిగిలిన బండే స్టేజి. లారీ మీంచి ఎప్పుడో జారిపడ్డ చిరుగుల పట్టా తెర. వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా అక్కడ సీజను నడిచేది. మొదట పాటల నాటకం, తర్వాత సాంఘికం, ఆపైన నవ్వుల నాటకం, ఆఖర్న పెద్ద పౌరాణికం. గొర్రెలు, మేకలు, బర్రెలు, గాడిదలు పొద్దు వాలేసరికి గుంపుగా వచ్చేవి, ఆట అయ్యాక గుంపుగా వెళ్లేవి. పద్యం నచ్చిందంటే "వన్స్ మోర్" అని అరిచేవి. అరిచాక పాడినవాడు మళ్లీ పాడాల్సిందే, ఎంత రొప్పుతున్నా సరే. అదీ అక్కడి పద్ధతి.

ఈ గుంపుగా రావడం, గుంపుగా పోవడం ఇద్దరికి గిట్టలేదు. ఒకడు కొండ మీది చిరుత. ఒంటరిగా చిక్కేవాడే లేక వాడి డొక్కలు వీపుకంటుకున్నాయి. రెండోవాడు ఆ చిరుత ఎంగిలి తిని బతికే నక్క చలమయ్య. ఈ చలమయ్యే క్వారీ నాటకాలకి డైరెక్టరు, తెరచాటు నుంచి మాటలు అందించేవాడూ వాడే. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే మరి. వాడికి మాటలొచ్చు, పద్యాలొచ్చు, వినయం నటించడం ఇంకా బాగా వచ్చు. ఇంకేం కావాలి మనవాళ్లకి?

హీరో ఎప్పుడూ మేకపోతు పరంధామమే. గడ్డం, కంచుగొంతు, ఆ గొంతులో పుట్టుకతో వచ్చిన వణుకు. ఆ వణుకునే జనం రాగం అనుకునేవాళ్లు. ఆ ఏడు పాటల నాటకంలో అతనికి వన్స్ మోర్లే వన్స్ మోర్లు. సాంఘికంలో ఒక్కటంటే ఒక్కటి. నవ్వుల నాటకంలో అదీ లేదు. పరంధామం మేత మానేసి నక్క దగ్గరికి వెళ్లాడు.

"నా గొంతు పోయిందంటావా చలమయ్యా?"

"నీ గొంతుకేం బాబూ, ఖంగుమంటోంది. లోపం ఎదటి వేషానిది. బొగ్గు మీసాలు పెట్టుకున్న పొట్టేలుని చూసి చంటిపిల్లలే నవ్వుతున్నారు. అలాంటివాడి ముందు నువ్వు రొమ్ము విరుచుకుని నిలబడితే ఎవడిక్కావాలి?"

"మరి పౌరాణికంలో నేను రాజునైతే, నా ఎదట శిలాసురుడి వేషం ఎవరికిస్తావు?"

"నన్నడక్కు. చెప్తే కోటప్ప మామ కుమ్మి చంపుతాడు."

"చెప్పవయ్యా, నాకు కాక ఇంకెవరికి చెప్తావు."

చలమయ్య కొండకేసి చూశాడు. పరంధామానికి చిరుత గుర్తొచ్చాడు. కానీ ఆ వెంటనే చెవుల్లో చప్పట్లు మోగాయి.

"చిరుత ఎదట నిలబడి పద్యం పాడిన మేకపోతు ఇంతవరకు పుట్టలేదు కదూ?"

"ఇకముందు పుట్టబోడు కూడా" అన్నాడు నక్క. ఆ మాట మాత్రం నిజమే.

కోటప్ప అంటే తెర లాగే ముసలి ఎర్రెద్దు. తెర తాడు అతని మెడకే కట్టి ఉండేది. సంగతి విని నెమరు ఆపాడు.

"వద్దు పరంధామం. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అని ఊరికే అన్నారా?"

"తాడు లాగేవాడివి, కళ గురించి నీకేం తెలుసు మామా?"

వేరే ఎద్దయితే కొమ్ము విసిరేది. కోటప్ప మాటపడి ఊరుకున్నాడు.

"సరే, నాకు తెలీదు. కుప్ప నూర్చేటప్పుడు గింజ ముట్టకుండా నా మూతికి చిక్కం కట్టేవాళ్లు. గట్టి తాడు, ఇంకా నా దగ్గరే ఉంది. అది ఆ చిరుత మూతికి కడితేనే నేను తెర లాగుతాను."

"అంతకన్నానా మామా, అలాగే" అన్నాడు చలమయ్య. నక్క అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది. ఎద్దు కదా, మాటిచ్చాడు చాలనుకున్నాడు.

రిహార్సళ్లకి చిరుత తల వంచుకుని వచ్చాడు. చిక్కం కట్టించుకున్నాడు. గర్జించమంటే "ఊఁ, ఊఁ" అన్నాడు. చూడ్డానికొచ్చిన గొర్రెలు ఆవలించాయి. పరంధామం ముఖం మాడిపోయింది.

"ఏంటయ్యా ఇది? గర్జనా, మూలుగా?"

"నోరు కట్టేసి గర్జించమంటే పాపం దొర మాత్రం ఏం చేస్తారు? పోన్లే, ఈ ఏటికిలా కానిద్దాం. వన్స్ మోర్ రాకపోతే ప్రాణం పోతుందా?"

"ప్రాణం పోదు, పరువు పోతుంది. ఆట రోజున ఆ చిక్కం తీసేద్దాం."

"నేను తియ్యనుగాక తియ్యను. మామకి మాటిచ్చాను."

"నేను తీస్తాలే. నువ్వు మామకి చెప్పకు."

చిరుత కళ్లు దించుకుని, చిక్కం సందుల్లోంచి మెత్తగా అన్నాడు. "మీ మీద ఒట్టు పరంధామంగారూ. కళ కోసం ఎంత ఆకలైనా ఓర్చుకుంటాను."

పౌరాణికం రోజు క్వారీ కిటకిటలాడింది. పరంధామం రేకు కిరీటం పెట్టుకుని, తెర లేవకముందే, తన పళ్లతోనే ఆ చిక్కం కొరికేశాడు. తెర లేచింది. చిరుత గర్జించాడు. జనం తోకలు ముడుచుకుని ఒకరి మీదొకరు పడ్డారు. అంతమందిలో పరంధామం ఒక్కడే నిలబడి పద్యం ఎత్తుకున్నాడు. మాట వరసకి చెప్పడం కాదు, బతుకులో ఎప్పుడూ అంత బాగా పాడలేదు.

"వన్స్ మోర్" అంది క్వారీ అంతా ఒక్క గొంతుతో.

రెండోసారి రాగం తీస్తుండగా చిరుత అతని తొడ పట్టాడు.

"చలమయ్యా, కరిచాడు. నిజంగా కరిచాడు. మామా, తెర దించు మామా."

"అబ్బ, ఏం జీవిస్తున్నాడయ్యా" అంది ఒక గొర్రె కళ్లు తుడుచుకుంటూ. వెనకనుంచి మళ్లీ వన్స్ మోర్ అన్నారు.

కోటప్ప ఉన్నచోటు నుంచి బండ కనపడదు, కేక మాత్రం వినపడింది. వెనక్కి అడుగేసి తాడు వదులు చేశాడు. తెర సగం దిగేసరికి ముందు వరస పొట్టేళ్లు లేచాయి. "ఎవడ్రా ఆ తెర దించేది? రసపట్టులో ఉంటే?"

"ఆటలో భాగమే మామా. చిక్కం ఉందిగా, కంగారెందుకు?" అన్నాడు పక్కనుంచి చలమయ్య.

ఎద్దు ఆగాడు. పుట్టినప్పట్నుంచి ఆగమంటే ఆగడమే నేర్చుకున్నాడు మరి. ఓపిక మంచిదే కాని అన్నివేళలా కాదు. తెర మళ్లీ లేచేసరికి కేకలు లేవు.

ఆట అయ్యాక కోటప్ప బండ వెనక్కి వెళ్లి చూశాడు. రేకు కిరీటం ఉంది, డెక్కలున్నాయి, కొరికిన చిక్కం ముక్కలున్నాయి. ఏడుస్తూనే జనంలోకి వచ్చాడు.

"పరంధామం నిజంగానే చచ్చిపోయాడర్రా."

"ఊరుకో మామా" అని నవ్వింది గొర్రె. "నిజంగా చచ్చేవాడు అంత బాగా చస్తాడా?"

"పరంధామంగారికి గొంతు పట్టేసింది, పడుకున్నారు" అన్నాడు చలమయ్య. "రేపూ ఇదే ఆట వెయ్యాలి" అన్నారు జనం.

చలమయ్య తన వాటా కోసం కొండెక్కితే చిరుత మూతి నాక్కుంటున్నాడు. ఎంగిలి కూడా మిగల్చలేదు. "బాగా కుదిరింది చలమయ్యా. రేపు రాజు వేషం ఎవరిది?" అన్నాడు.

మర్నాడు జనం రెట్టింపయ్యారు. పరంధామం లేవలేదని చలమయ్య చెప్పగానే గోల మొదలైంది. అప్పుడు కోటప్ప నెమ్మదిగా అన్నాడు. "పద్యాలన్నీ నోటికొచ్చినవాడు ఇక్కడ ఇంకొకడున్నాడుగా. రోజూ అందించేది ఎవరనుకున్నారు?"

"చలమయ్యే కట్టాలి రాజు వేషం" అని పొట్టేళ్లు వాణ్ని బండ వెనక్కి నెట్టాయి. చిరుత అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు.

"మామా, ఆ చిక్కం ఇటియ్యి" అన్నాడు చలమయ్య.

"ముక్కలైపోయిందిగా. ఎవరు విప్పించారో నీకే తెలియాలి."

"నేను పోతున్నాను."

"పో. క్వారీకి దారి ఒకటే, దాన్నిండా జనమే. ఎక్కడికని అడుగుతారు. పరంధామం ఏడీ అని కూడా అడుగుతారు."

కోటప్ప తాడు లాగాడు. తెర లేచింది. చలమయ్య రేకు కిరీటంతో జనం ముందుకొచ్చి, చిరుత తన మీదికి అడుగెయ్యడం చూసి, బండ మీద మోకాళ్లూని చేతులు జోడించాడు.

"అయ్యలారా, ఇది ఆట కాదు. నిన్న పరంధామం నిజంగానే చచ్చాడు. చంపించింది నేనే. ఇప్పుడు వీడు నన్ను తింటాడు. మీ కొమ్ములతో పొడిచి చంపండి, కాని నన్నిక్కణ్నుంచి దించండి."

జనం ఊపిరి బిగబట్టి విన్నారు. "ఈ ముక్క నిన్న లేదే. ఎంత బాగా కలిపాడు" అంది గొర్రె.

"వన్స్ మోర్" అంది క్వారీ.

చిరుత ఆగి కూర్చున్నాడు. పద్ధతి వాడికీ తెలుసు. జనం అడుగుతున్నంతసేపూ బతుకుతానని చలమయ్యకి అర్థమైంది. అదే మాట మళ్లీ చెప్పాడు, ఇంకా ఏడుస్తూ చెప్పాడు. మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పాడు. చెప్పగా చెప్పగా గొంతు పోయింది. పెదాలు కదుల్తున్నాయి కాని మాట రావడం లేదు. వినపడనిదానికి వన్స్ మోర్ ఎవరంటారు? చిరుత లేచాడు. కోటప్ప తెర దించలేదు.

నీతి: ఇంకొకడి చావుకేకని ఆటగా చూపించినవాడి కేకకి చప్పట్లే దక్కుతాయి, ఆదుకునే చెయ్యి దక్కదు.