మబ్బుకుక్కల వంశావళి

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకు ఒక కూతురు, ఆ కూతురికి ఒక తుమ్ము.

మామూలు తుమ్ము కాదు. గాలికి కుక్క బొచ్చు ఒక్క పోగు ఎగిరితే చాలు, రాకుమారి కనకాంగి ముక్కు ఎర్రబడేది, కళ్ళు ధారలు కట్టేవి. ఆ పిల్లకేమో కుక్కలంటే ప్రాణం!

ఆ ఊళ్ళో మాచమ్మ అనే ఆవిడ కుక్కలను పెంచేది. నీళ్ళలో ఈదే, బొచ్చు రాలని కుక్కనూ, నెమ్మదైన వేటకుక్కనూ జతకట్టించి ఆమె ఒక కొత్త జాతిని పుట్టించింది. తెల్లటి ఉంగరాల బొచ్చు చూసి జనం దాన్ని మబ్బుకుక్క అన్నారు. అందులో మొదటిది గజ్జె. రాకుమారి గజ్జెను వాటేసుకుని, దాని మెడలో ముఖం దాచుకుంది. తుమ్ము రాలేదు.

ఇంకేం! రాజ్యమంతా మబ్బుకుక్కలే కావాలంది. గజ్జె పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ ఊరూరికీ వెళ్ళాయి. ఎవరు పడితే వారు వాటిని పెంచడం మొదలుపెట్టారు. ఇదేదో అదుపు తప్పుతోందని రాజు కుమారవేముడు ఒక కట్టుబాటు చేశాడు. ఏడాది నిండిన ప్రతి మబ్బుకుక్కనూ కొలువుకు తీసుకురావాలి. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఒంట్లో ఎలా ఉంది, ఈ మూడు సంగతులూ లేఖకుడు గన్నయ తాటాకు మీద రాయాలి. ఆకు ఉంటేనే అది మబ్బుకుక్క, లేకపోతే ఉత్త బొచ్చుకుక్క.

మొదటి ఏడు నాగన అనే వర్తకుడు పది కుక్కలను తెచ్చాడు. పదీ పట్టుకుచ్చుల్లా ఉన్నాయి.

"మా ఇంట లోపమన్నది పుట్టదు గన్నయగారూ, రాసుకోండి" అన్నాడు మీసం దువ్వుతూ.

మాచమ్మ ఆరింటిని తెచ్చింది. అయిదు చక్కగా నడిచి వచ్చాయి. ఆరోది స్తంభానికి కొట్టుకుంది.

"దీన్నెందుకు తెచ్చావమ్మా? చూపు లేనట్టుందే" అన్నాడు గన్నయ.

"పుట్టినప్పుడు ఉంది, ఏడాది తిరిగేసరికి పోయింది. అదీ మా ఇంటి పిల్లే కదయ్యా. ఉన్నదున్నట్టు రాయండి."

కొలువంతా నవ్వింది. గన్నయ మాత్రం రాశాడు.

రెండో ఏడు నాగన ఇరవై తెచ్చాడు, అన్నీ అందగత్తెలే. మాచమ్మ తెచ్చినవి నాలుగే, అందులో రెండింటికి చూపు లేదు. వాటినీ రాయించింది. జనానికి అంతకన్నా ఏం కావాలి? 'గుడ్డికుక్కల మాచమ్మ' అని పేరు పెట్టి, ఆమె గడప తొక్కడం మానేశారు. ఇరవైకి ఇరవై బాగున్నాయంటేనే అనుమానం రావాలి. కానీ నాగనను ఆ మాట అడిగిన మగాడూ లేడు, ఆడదీ లేదు.

మూడో ఏడు రాకుమారి కుక్కకే చూపు పోయింది. అది నాగన ఇచ్చినదే. ఒక పొద్దున మేడమెట్ల మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. కనకాంగి అన్నం ముట్టలేదు.

రాజు మండిపడ్డాడు. "ఈ జబ్బు ఎవరి కుక్క నుంచి వచ్చిందో రేపటి కొలువులో తేలాలి. తేలకపోతే మబ్బుకుక్కలన్నిటినీ అడవికి తోలేయండి!"

ఒడిలో పెరిగిన కుక్కలు. అడవిలో ఒక్క పూట కూడా బతకవు.

మర్నాడు మాచమ్మ గజ్జెను వెంటబెట్టుకుని బయలుదేరింది. వినేవాళ్ళుంటే ఆ రోజుల్లో కుక్కలు కూడా మాట్లాడేవి.

"అమ్మా, నా పేరు చెబుతావా?" అని అడిగింది గజ్జె.

"చెబుతానురా. గన్నయగారి దగ్గర మన ఆకులన్నీ వరసగా పెట్టి చూశాను. తల్లివైపూ తండ్రివైపూ నీ నెత్తురే కలిసిన చోట చూపు పోతోంది. తెలియక నేనూ కలిపాను."

"నాకు బాగానే కనిపిస్తోందే!"

"నీకు కనిపిస్తోంది నాన్నా. నీ మనవలకు కనిపించడం లేదు."

గజ్జె ఆగి మాచమ్మ ముఖంలోకి చూసింది. "చెబితే నన్నింక జతకు ఉంచరు కదూ?"

"ఉంచరు. రాజుగారికి కోపమొస్తే ప్రాణాలతోనైనా ఉంచుతారో లేదో" అంది మాచమ్మ.

"అయినా చెప్పమ్మా" అంది గజ్జె.

కొలువులో రాజు ఒక్కొక్కరినే అడిగాడు. మా కుక్క కాదంటే మా కుక్క కాదన్నారు. నాగన అందరికన్నా గట్టిగా అన్నాడు. మాచమ్మ వంతు వచ్చింది.

"మా గజ్జె నుంచే ప్రభూ."

రాజు చివ్వున లేచాడు. "దొరికింది దోషి! ఆ కుక్కను చంపండి. ఈమెను పొలిమేర దాటించండి."

ఎన్నడూ ఆకుల మీదనుంచి తల ఎత్తని గన్నయ అప్పుడు ఎత్తాడు.

"ప్రభూ, నాగన రాయించిన ఆకులు ముప్పై. అన్నిట్లోనూ ఒకటే మాట, లోపం లేదని. వాటిని ఎంత తిరగేసినా జబ్బు జాడ దొరకలేదు. ఈమె రాయించినవి పదే. ఆ పదింటిలోనే దొరికింది. నిజం చెప్పినందుకు ఈమెను ఇవాళ శిక్షిస్తే, రేపటినుంచి నేను రాసే ప్రతి ఆకూ నాగన ఆకే అవుతుంది."

కనకాంగి కాలికి కట్టుకట్టిన తన కుక్కను ఎత్తుకుని వచ్చి మాచమ్మ పక్కన నిలబడింది. రాజు సిగ్గుపడ్డాడు. రాజులు సిగ్గుపడటం అరుదు కనుక ఆ సంగతి కూడా చెబుతున్నాను.

భటులు వెళ్ళి నాగన పెరడు వెతికారు. వెనక కొట్టంలో చూపు లేని కుక్కలు పధ్నాలుగు కట్టేసి ఉన్నాయి. అవి బతికున్నన్నాళ్ళూ తన చేత్తోనే అన్నం పెట్టి సాకాలని, ఇక కుక్కలను పుట్టించకూడదని రాజు నాగనను శాసించాడు. మాచమ్మ మాట మీద కట్టుబాటునూ మార్చాడు. బాగున్నవాటితో పాటు బాగాలేనివాటినీ, చచ్చిపోయినవాటినీ రాయించాలి. గజ్జె సంతానాన్ని తమలో తాము కలపకూడదు. ఏ తల్లి చేతా మూడు ఈతలకు మించి ఈనించకూడదు.

గజ్జెకు ఇక పిల్లలు పుట్టలేదు. మాచమ్మ ఇంట్లో ఎవరి పిల్లలు పుట్టినా అదే వాటి పక్కన పడుకుని కాపలా కాసేది. కొన్నేళ్ళకు రాజ్యంలో చూపు పోయే కుక్కలే లేకుండా పోయాయి. కుక్కపిల్ల కోసం వచ్చే వాళ్ళు కూడా ముందుగా, "మీ ఇంట ఏ లోపం పుట్టింది?" అని అడగడం నేర్చుకున్నారు. ఏమీ లేదన్నవాడి దగ్గర నుంచి మారుమాట్లాడకుండా లేచి వచ్చేసేవారు.

కనుక పిల్లలూ, దాచిన లోపం తరతరాలకూ పాకుతుంది. ఒప్పుకున్న లోపం ఒప్పుకున్న చోటే ఆగుతుంది.