నాలుగో స్క్రూ, వడ్రంగిపిట్ట ముక్కు

ఒకప్పుడు వడ్రంగిపిట్ట ముక్కు ఇప్పటిలా మొనదేలి ఉండేది కాదు. చివర పలచగా, వెడల్పుగా, అచ్చం స్క్రూడ్రైవర్ లాగా ఉండేది. చెట్లకు తొర్రలు చేయడం దానికి రానే రాదు. అడవిలో కుర్చీలు, బల్లలు బాగుచేసుకుని బతికేది. అడవిలో కుర్చీలెక్కడివని అడక్కండి. ఉండేవి, అంతే.

అలాంటి పిట్టల్లో వీరాస్వామి అని ఒకడు. పనిమంతుడే, కాదనను. కానీ ఎవరి మాటా వినడు. వాళ్ళావిడ రత్తాలు మాట అసలే వినడు.

ఆ ఏడు రత్తాలు గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. తొలకరి కూడా దగ్గరపడింది. వీళ్ళకేమో గూడు లేదు. వానలో గుడ్లు పెడితే ఏమవుతాయో మీకు నేను చెప్పాలా!

అప్పుడే ఎలుగుబంటి గంగులు కబురు పెట్టాడు. అడవి మొత్తానికీ క్షవరాలు చేసేది ఈ గంగులే. తనకి మాత్రం ఎవరూ చేయలేదు, చూస్తే తెలుస్తుంది. ఆయన కుర్చీ సీటు ఊగిపోతోంది. ఆ ఊపుకి ముందురోజే కుందేలు చెవి అంచు కత్తెరలో పడింది. కుందేలు పెద్దగా గొడవ చేయలేదు. ఇంకా బోలెడు చెవి ఉంది కదా.

"తమ్ముడూ, వాన పడేలోగా ఈ సీటు బాగుచెయ్యి. నా మద్దిచెట్టు తొర్ర మీకిచ్చేస్తాను. వాన పడిందా, అది గుడ్లగూబది. దానికి మాటిచ్చాను" అన్నాడు గంగులు.

సీటు కింద ఇనుప పట్టీ విరిగింది. దాన్ని తీయాలంటే నాలుగు చిన్న స్క్రూలు ఊడదీయాలి. మూడు చిటికెలో ఊడొచ్చాయి. నాలుగోది కదల్లేదు. మూడేళ్ళుగా తుప్పు అందులో కాపురముంటోంది.

"కాస్త వేపనూనె వెయ్యవయ్యా. మెల్లగా నాలుగు దెబ్బలు తట్టు. కాసేపు ఆగు. తర్వాత తిప్పు" అంది రత్తాలు.

"నాకే పని నేర్పుతావా? ముక్కున్నది నాకా, నీకా?"

"ఇద్దరికీ ఉంది" అంది రత్తాలు.

వీరాస్వామికి రోషం వచ్చింది. బలమంతా పెట్టి తిప్పాడు. స్క్రూ కదల్లేదు గానీ దాని తలమీది గాడి సగం అరిగిపోయింది. ఇంకా గట్టిగా తిప్పాడు. టప్! ముక్కు అంచులు రెండు పక్కలా విరిగి రాలాయి. మధ్యలో సన్నటి మొన మిగిలింది.

పైన మబ్బు పట్టేసింది. వీరాస్వామి తలెత్తి చూశాడు.

"రత్తాలూ, గుడ్లు ఎప్పుడు?"

"ఎల్లుండి."

ఇక రత్తాలు చెప్పినట్టే స్క్రూ తలమీద మెల్లగా తట్టాడు. టక్, టక్, టక్, టక్. ఆగాడు.

"ఎవరది?" అంది లోపల్నుంచి తుప్పు. "పొద్దుట్నుంచీ మెడ పట్టుకుని తిప్పుతున్నది నువ్వేనా? తలుపు కొట్టి పిలవడం తెలీదూ? మేమూ పిల్లాపాపలతో ఉన్నాం!"

"తప్పయిపోయింది. మాకూ పిల్లలు రాబోతున్నారు. ఉండడానికి చోటు లేదు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! నూనె ఏదీ?" అంది తుప్పు.

రత్తాలు ఎప్పుడో తెచ్చి పక్కన పెట్టింది. నూనె లోపలికి దిగింది. తుప్పు పిల్లల్ని వెంటేసుకుని బయటికొచ్చింది. మిగిలిన మొన గాడిలో పెట్టి తిప్పితే స్క్రూ కిర్రుమని తిరిగింది. వీరాస్వామి కొత్త పట్టీ బిగించాడు. ఆఖరి స్క్రూ బిగుస్తుండగా టపటపా వాన మొదలైంది.

మద్దిచెట్టు దగ్గరికి పరిగెత్తేసరికి గుడ్లగూబ సామాను సర్దుకుంటోంది. "నేనేం చెయ్యను తమ్ముడూ, మాటిచ్చేశాను" అన్నాడు గంగులు.

వీరాస్వామి ఏడ్చాడు. వానలో ఎవరికీ తెలియలేదు గానీ, ఏడ్చాడు.

"ఏడుపు తర్వాత" అంది రత్తాలు. "ఆ ఎండుమోడు తట్టి చూడు."

ఈసారి అతను ఎదురు చెప్పలేదు. సన్నటి ముక్కుతో తట్టాడు. ఆగి విన్నాడు. మళ్ళీ తట్టాడు. పెచ్చు ఒకటి ఊడిపడింది. మర్నాడంతా అదే పని. ఎల్లుండికి ఇద్దరూ పట్టేంత తొర్ర తయారైంది. రత్తాలు అందులో నాలుగు గుడ్లు పెట్టింది. ఒక్కదానికీ తడి తగల్లేదు.

అప్పటినుంచే వడ్రంగిపిట్ట ముక్కు సన్నగా, మొనదేలి ఉంటుంది. ఏ చెట్టు మీద వాలినా ముందు నాలుగు దెబ్బలు తడుతుంది, ఆగి వింటుంది, మళ్ళీ తడుతుంది. వాళ్ళావిడ పక్కనుంటే ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతుంది.