రాళ్ల ఊళ్లో సేద్యం పాఠం

పాములేటి జోలె సర్దుకుని గురువు ముందు నిలబడ్డాడు.

గిడ్డయ్యస్వామి ఆశ్రమం నాపరాయి గనుల పక్కనే ఉండేది. రాయి కొట్టేవాళ్ల పిల్లల కోసం ఆయన అక్కడ చిన్న బడి పెట్టాడు. చదువు చెప్పేది శిష్యుడు పాములేటి ఒక్కడే. అతనికి జీతం లేదు. పూటకొక పిల్లవాడి ఇంట్లో సంగటి ముద్ద పెట్టేవాళ్లు.

కొన్నాళ్లుగా అతను సేద్యం పాఠం చెబుతున్నాడు. దుక్కి, విత్తు, కలుపు, కోత, అన్నీ గుడ్డ మీద బొమ్మలు గీసి మరీ చెప్పాడు. పిల్లలు గడగడా వల్లించారు. నిన్న మాత్రం సుంకులమ్మ అనే చిన్నపిల్ల లేచి, ఇదంతా మనకెందుకు సామీ, మనది రాళ్ల ఊరు గదా అనేసింది. నిజమే మరి. ఆ ఊళ్లో గోడలు బండలే, కప్పు బండలే, నేలా బండే.

"బండ మీద విత్తనం చల్లుతున్నాను స్వామీ. కాలువ కింది పల్లెకు పోతాను. అక్కడైతే పొలం చూపించి చెప్పొచ్చు."

అలా అన్నాడే గానీ, ఆ పిల్లలంటే అతనికి ప్రాణం.

గురువు వద్దనలేదు. జోలె బడిలో పెట్టి పిల్లల్ని పిలవమన్నాడు. అందరూ వచ్చాక గది మధ్యలో బండ మీద కూర్చుని ఒక ఆట చెప్పాడు. ఈ గదిలో పొలంలో పుట్టినవన్నీ బయట పెట్టాలి.

ఒకడు జొన్నల మూట ఎత్తాడు. ఇంకొకడు కూర్చునే గోనెపట్టాలు లాగాడు. ఆముదం బుడ్డి, దీపం వత్తులు, ఎండుమిరపకాయలు, బొమ్మల గుడ్డ, అన్నీ వెళ్లాయి. పాములేటి నూలు జోలె కూడా వెళ్లింది. ఒక బుడ్డోడు చొక్కా విప్పబోతే, నువ్వే బయటికి పోరా అని మిగతావాళ్లు నవ్వుతూ నెట్టారు.

గది ఖాళీ అయింది. సుంకులమ్మ మళ్లీ లోపలికొచ్చి నాలుగు మూలలూ వెతికింది. ఏమీ దొరక్క పాములేటి వేలు పట్టుకుని లాగింది.

"సామీ, నువ్వు గూడా రా."

"నేనెందుకమ్మా?"

"పొద్దున మాయింట్లో సంగటి తింటివి గదా."

పాములేటి ఆమె వెంట బయటికి నడిచాడు. వెనక్కి తిరిగి చూస్తే లోపల రాయి తప్ప ఏమీ లేదు. మధ్యలో గురువు ఒక్కడే, లేవడానికి చెయ్యి చాచి ఉన్నాడు.

"నన్ను మరిచిపోతివేం తల్లీ? నేనూ తిన్నా."

పిల్లలు ఆయన్నీ పట్టుకుని బయటికి తెచ్చారు.

ఆట అయ్యాక అన్నీ తిరిగి లోపలికి చేరాయి. జోలె మాత్రం బయట బండ మీద ఉండిపోయింది. సామి వెళ్లిపోతాడని పిల్లలకు ఎలాగో తెలిసిపోయింది. దాన్నెవరూ ముట్టుకోలేదు. గురువు అటువైపు చూడనైనా లేదు.

పాములేటి జోలె తీసుకొచ్చి ఎప్పటి మేకుకే తగిలించాడు.

"రేపు నా ముద్ద ఎవరింట్లో?" అని పిల్లల్ని అడిగాడు.