తాళం వేసిన ఫోను

ఆకివీడులో తాతారావు అనే మోటార్ల మెకానిక్ ఉండేవాడు; చేతిలో పని ఎంత బంగారమో, మనసులో అనుమానం అంత ముదురు.

రొయ్యల చెరువుల్లో గాలి కలిపే ఏరియేటర్లు, కరెంటు పోతే వాటిని తిప్పే జనరేటర్లు బాగుచేయడం అతని పని. చుట్టుపక్కల రైతులకు అతనంటే గురి. కానీ తన షాపులోవాళ్లు పనికోసం వచ్చిన రైతులతో మాట్లాడితే మాత్రం తాతారావుకి ఒళ్లు మండేది. దానికో కారణం ఉంది లెండి. అతని దగ్గర పని నేర్చుకున్న సత్తిబాబు రైలు గేటు అవతల సొంత షాపు పెట్టుకున్నాడు. "నా దగ్గరే నేర్చుకుని నా గిరాకీకే ఎసరు పెట్టాడు" అని తాతారావు ఊరంతా చెప్పుకునేవాడు. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు.

అప్పట్లో సెల్ ఫోన్లు అందరి దగ్గరా లేవు. తాతారావు జేబులో ఒకటి ఉండేది కానీ, అతను బురదలో దిగినప్పుడు అది మోగి మోగి ఆగిపోయేది. "షాపులో ఓ ఫోను పెట్టించవయ్యా" అని రైతులు పోరగా పోరగా, చివరికి భీమవరం వెళ్లాడు. వైరు లేకుండా సిమ్ కార్డుతో నడిచే బల్ల ఫోన్లు అప్పుడే వచ్చాయి.

కొట్టతను రెండు ఫోన్లు చూపించాడు. "ఇది తీసుకోండి. ఒక్క మీట నొక్కితే కావలసినవాళ్లకు పోతుంది. మీరు లేకపోయినా మీవాళ్లు ఎవరినైనా పిలవొచ్చు" అన్నాడు.

"అదే కదయ్యా నాకు వద్దనేది! ఆ రెండోదాని సంగతేంటి?"

"దానికి తాళం ఉందండి. మీకు మాత్రమే తెలిసిన అంకెలు నొక్కితేనే బయటికి ఫోను పోతుంది. వచ్చేవి మాత్రం వస్తాయి. కానీ షాపుకైతే..."

"కానీ గీనీ ఏం లేదు. అదే కట్టు" అన్నాడు తాతారావు.

షాపులో మంగతాయారు అనే అమ్మాయి మోటార్లకు రాగితీగ చుట్టేది. చాలా ఏళ్లుగా అక్కడే పని. తాతారావు ఫోను బల్ల మీద పెట్టి, తాళం వేసి, "మోగితే ఎత్తు. ఎవరో కనుక్కో. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకు" అన్నాడు. తాళం తీసే అంకెలు చెప్పలేదు. "అలాగే బాబాయ్ గారూ" అంది మంగతాయారు. ఆ పిల్ల మనసు చివుక్కుమందేమోనని అతను ఆలోచించనే లేదు.

శ్రావణంలో మేనకోడలి పెళ్లికి తాతారావు తణుకు వెళ్లాడు. పెళ్లంటే భజంత్రీలు, వియ్యాలవారి అలకలు, విస్తట్లో పూతరేకులు! ఆ గోలలో జేబులో ఫోను మోగితే వినిపిస్తుందా? భోజనం చేసి చెయ్యి కడుక్కుని చూసుకునేసరికి, ఆకివీడు రొయ్యల రైతు వెంకటపతిరాజు గారు వరసపెట్టి ఫోన్లు చేసి ఉన్నారు.

తాతారావు గుండెల్లో రాయి పడింది. పొద్దుటి నుంచీ మబ్బు. మబ్బు పట్టిన రోజు ఏరియేటర్లు ఆగిపోతే నీళ్లలో గాలి చాలక రొయ్యలు చూస్తుండగానే పోతాయి. రాజుగారు ఆ ఏడు ఉన్నదంతా ఊడ్చి రెండు చెరువుల మీద పెట్టారు. తిరిగి చేస్తే ఆయన ఎత్తలేదు. షాపుకి చేస్తే మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. "చూశావా, నేనిటు రాగానే షాపు గాలికొదిలేసింది!" అని పళ్లు నూరాడు. చెప్పీ చెప్పకుండా బస్సెక్కి, దారి పొడుగునా మంగతాయారుని తిట్టుకుంటూనే ఉన్నాడు.

చెరువు గట్టు మీద ఆటో దిగేసరికి ఏరియేటర్లు తిరుగుతున్నాయి. జనరేటర్ దగ్గర మోచేతుల దాకా గ్రీజుతో కూర్చున్నది ఎవరనుకున్నారు? సత్తిబాబు! పక్కన మంగతాయారు స్పానర్లు అందిస్తోంది.

"ఏం జరిగిందే?" అన్నాడు తాతారావు.

"కరెంటు పోయింది, జనరేటర్ కదలడం లేదని రాజుగారు షాపుకి ఫోన్ చేశారు బాబాయ్ గారూ. మీకు చేద్దామన్నా, సత్తిబాబు గారికి చేద్దామన్నా తాళం. ఎస్టీడీ బూత్ కూడా మూసేసి ఉంది. సత్తిబాబు గారి షాపుకి పరుగెత్తాను. తీరా చూస్తే రైలు గేటు పడింది. ఆ గూడ్సు బండి ఎంతకీ కదిలితేనా! ఆయన్ని తీసుకొచ్చేసరికి..." అని ఆగిపోయి, చిన్న చెరువు వైపు చూసింది. గట్టు వెంబడి రొయ్యలు చచ్చి పడి ఉన్నాయి.

ఇంతలో రాజుగారు వచ్చి తాతారావు చేతులు పట్టుకున్నారు. "చిన్నది పోయింది కానీ పెద్ద చెరువు దక్కిందయ్యా. నువ్వు ఊళ్లో లేకపోయినా నీ షాపు నన్ను వదిలెయ్యలేదు. నీ మేలు మరిచిపోను" అన్నారు.

తాతారావుకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. "మేలు నాది కాదండీ. ఫోనుకి తాళం వేసి ఈ పిల్ల చేతులు కట్టేసింది నేనే. సత్తిబాబు షాపూ, మీ చెరువులూ గేటుకి ఒకవైపే కదా, ఒక్క ఫోను చేసుంటే గేటుతో పని లేకుండా నేరుగా ఇక్కడికే వచ్చేవాడు. మీకు రెండు చెరువులూ దక్కేవి" అన్నాడు.

రాజుగారు చిన్న చెరువు వైపు ఓసారి చూశారు. తర్వాత, "జరిగింది జరిగింది. ఇకమీదట నేను ఫోన్ చేస్తే, నువ్వు దొరక్కపోయినా మనిషి దొరకాలి" అన్నారు.

తాతారావు సత్తిబాబు వైపు తిరిగాడు. "ఇన్నేళ్లూ నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను కదరా. ఎలా రాబుద్ధేసింది?"

"ఈ పని నేర్పింది మీరే కదా గురువుగారూ! మీ షాపు నుంచి మనిషి పరుగెత్తుకొస్తే రాకుండా ఎలా ఉంటాను?"

తాతారావు అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. పెళ్లి చొక్కాకి గ్రీజు అంటితే అంటింది. మంగతాయారు దగ్గరికి వెళ్లి, "దారంతా నిన్ను తిట్టుకున్నాను తల్లీ. ఈవేళ నా పరువు నిలబెట్టావు. నీ రుణం ఎలా తీర్చుకోను?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ముందా తాళం తీసెయ్యండి బాబాయ్ గారూ" అంది మంగతాయారు.

ఆ సాయంత్రమే తీసేశాడు. రాజుగారి మోటార్లన్నీ ఆ ఏడాదంతా ఊరికే బాగుచేశాడు. అప్పటి నుంచి ఫోను మోగితే మంగతాయారే మాట్లాడేది. తాతారావు దూరంగా ఉంటే సత్తిబాబుని పంపేది. "నా షాపుని నిలబెట్టింది వాళ్లిద్దరే" అని తాతారావు కనపడినవాళ్లందరికీ చెప్పేవాడు.

మన అనుమానానికి మనల్ని నమ్ముకున్నవాళ్లు నష్టపోతారు; కాబట్టి మనతో పనిచేసేవాళ్లను నమ్మాలి, ఆపదలో ఆదుకున్నవాళ్ల మేలు మరవకూడదు.