దోసిలి మాత వెలసిన గరికగుట్ట

నల్లరేగడి చేల నడుమ, వలసబాట రెండుగా చీలేచోట గరికగుట్ట ఉన్నది. గుట్ట మీది చిన్న గుడిలో మరియమాత స్వరూపం తక్కిన చోట్ల వలె ఉండదు. తల్లి రెండు చేతులూ కలిపి దోసిలి పట్టి నిలబడి ఉంటుంది. అందుచేతనే దోసిలి మాత అని పేరు. ఇచ్చే తల్లి దోసిలి పట్టడమేమిటని కొత్తగా వచ్చిన యాత్రికులు అడుగుతూ ఉంటారు.

పూర్వం ఇక్కడ తాటాకు గుడి ఒక్కటే ఉండేది. వరుసగా వానలు తప్పి కరవు వచ్చింది. ఎగువ ఊళ్ళ జనం పిల్లాపాపలతో ఈ బాటనే వలస పోతుండగా వారిలో విషజ్వరం పుట్టింది. జబ్బు తమకు అంటుతుందని గరికగుట్టవారు గుడి తలుపు మూసుకొని లోపల వాన కోసం ప్రార్థనలు సాగించారు.

వారందరిలో గొప్ప భక్తురాలు శౌరమ్మ అనే వితంతువు. ఆమె జపమాల ఏనాడూ తప్పినది కాదు. పరలోకంలో తనకొక చోటు ఖాయమని ఆమెకు లోలోపల ధీమా. ఒక మధ్యాహ్నం జపం మధ్యలో కునుకు పట్టగా, కలలో మరియమాత గుడి బయట మండుటెండలో దోసిలి పట్టి కనబడింది. "శౌరీ, లోపల నా పాట వినబడుతున్నది. బయట నా బిడ్డలు ఆకలికి సొమ్మసిల్లుతున్నారు" అన్నది.

శౌరమ్మ ఉలిక్కిపడి లేచి తలుపు గడియ తీసింది. గుడిలో ప్రార్థన నడిపించే ఉపదేశి రాయప్ప అడ్డుపడ్డాడు.

"శౌరమ్మా, ఊరి మీదికి జబ్బు తెస్తావా? మనం ప్రార్థిస్తూనే ఉన్నాం కదా!"

"అమ్మ బయట ఉంది, ఉపదేశి గారూ. లోపల ఎవరికి ప్రార్థిస్తాం?"

విత్తనానికి దాచిన జొన్నలు దంచి ఆమె అంబలి కాచింది. గిన్నెలు ఇవ్వడానికి ఊరివారు భయపడితే, చల్లార్చి వలసజనం దోసిళ్ళలోనే పోసింది. సిగ్గుపడిన రాయప్ప సాయంత్రానికి కట్టెల మోపు తెచ్చి పొయ్యి పక్కన పడేశాడు. ఆ తరువాత ఒక్కొక్కరే వచ్చారు.

జ్వరంతో పడి ఉన్న పోలయ్య అనే కూలి శౌరమ్మను పిలిచాడు.

"తల్లీ, నేను ఎవరికీ మేలు చేసి ఎరగను. ఇక చేసే సత్తువా లేదు. వట్టి చేతులతో పోతే మీ దేవుడు నన్ను రానిస్తాడా?"

శౌరమ్మకు తన జపమాలలన్నీ గుర్తుకొచ్చి తల వంగింది. "ఈ అంబలికి నువ్వు నాకేమిచ్చావయ్యా? దోసిలి పట్టావు, అంతే. ఆయనకూ అలాగే పట్టు. నమ్మడమంటే అదే. నేను వెళ్ళవలసిందీ వట్టి చేతులతోనే."

"మరి పుణ్యం కోసం కాకపోతే ఇంత పాటు ఎందుకు పడుతున్నావు?"

"ఆయన పోసింది నా దోసిలి నిండి పొర్లుతున్నది. ఊరుకోలేకపోతున్నాను" అన్నది శౌరమ్మ.

పోలయ్య దోసిలి పట్టి కళ్ళు మూసుకొన్నాడు. తెల్లవారేసరికి జ్వరం దిగింది. కాళ్ళు నిలదొక్కుకొన్ననాడు, ఎవరూ చెప్పకుండానే కావడి భుజాన వేసుకొని వచ్చేవారికి నీళ్ళు మోయసాగాడు. "ఇప్పుడెందుకయ్యా నీకీ పాటు?" అని శౌరమ్మ అడిగితే నవ్వి మళ్ళీ కావడి ఎత్తుకొన్నాడు. ఆలస్యంగానైనా వాన కురిసింది. తిరుగుదారి పట్టిన వలసజనం తలా గుప్పెడు విత్తనాలు ఇచ్చి వెళ్ళారు. శౌరమ్మ కలలో చూసిన రూపాన్నే తరువాత చెక్కించి గుడిలో నిలిపారు.

నేటికీ తిరునాళ్ళలో ఇదే ఆచారం. గుట్ట ఎక్కిన ప్రతివారూ, ఎంతటివారైనా, మొదట వట్టి చేతులతో అంబలి పుచ్చుకోవాలి. అది తాగిన తరువాతనే గరిటె చేతికిస్తారు. అప్పుడు వెనుక వచ్చినవారికి వడ్డించాలి. ముందే వడ్డిస్తామని పట్టుబట్టే పెద్దమనుషులను గుడిపెద్దలు నవ్వుతూ వరుసలోకి పంపుతారు. తాగి చేతులు దులుపుకొని వెళ్ళిపోయినవారు మాత్రం ఇంతవరకూ ఎవరూ లేరట. దోసిలి పట్టినవారిని తల్లి చల్లగా చూచుగాక!