మద్దిలేటి అడిగిన పరుపు

ఓబుళాచారి గారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పరు. ముందు కళ్లద్దాలు తీసి పైపంచె చెంగుతో తుడుస్తారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నా సరే, తుడుస్తారు. నంద్యాలలో ముప్ఫై ఏళ్లు పిల్లలకు వడ్రంగం నేర్పి విరమించిన మనిషి. ఇప్పుడు తన ఇంటి వసారాలో మా బోటి వాళ్లకు వేదాంతం చెబుతారు. అందరం ఆయన్ను అయ్యవారు అనే పిలుస్తాం.

ఒక ఆదివారం పాఠం ముగిశాక పద్మాక్షి ఒక ప్రశ్న అడిగింది. ఆమె ఆడపిల్లల హాస్టలుకు వార్డెను, మాలో అందరికంటే ఓర్పు గల మనిషని పేరు.

"అయ్యవారూ, ఒకే ప్రశ్న పదిసార్లు అడిగేవాళ్లకు ఏం జవాబు చెప్పాల? ఒకసారి చెప్తా, రెండుసార్లు చెప్తా. పదోసారికి వాళ్ల నోరు మూయాలనిపిస్తాది. మీ దగ్గర ఇన్నేండ్లు కూర్చున్నదాన్ని, నాకింకా ఎందుకింత విసుగు?"

అయ్యవారు ఆ రోజు అద్దాలు చాలాసేపు తుడిచారు.

"విసుగు సంగతి నన్నడుగు తల్లీ," అన్నారు. "ఒక పరుపు గురించి నేను పడినంత విసుగు ఈ జిల్లాలో ఇంకెవురూ పడిండరు."

తర్వాత ఆయన చెప్పిన సంగతి ఇది.

పన్నెండేళ్ల కిందటి మాట. శివరాత్రికి ముందు అయ్యవారు తొమ్మిదిమందిని వెంటబెట్టుకుని నల్లమల అడవి దారిన శ్రీశైలానికి నడిచి వెళ్లాలని సంకల్పించారు. మూడు రోజుల నడక, రెండు రాత్రులు అడవిలో పడక. ఆ తొమ్మిదిమందిలో మద్దిలేటి ఒకడు. యాభై ఏళ్ల మనిషి, ఆళ్లగడ్డలో కళ్లజోళ్ల దుకాణం. మాట మెత్తన, నడవడి ఇంకా మెత్తన. పుష్యమాసం మొదట్లో ఒక ఉదయం వచ్చి అడిగాడు.

"అయ్యవారూ, అడవిలో కింద ఏం పరుచుకోవాల?"

"ఈతచాప."

మద్దిలేటి తలూపి వెళ్లిపోయాడు. నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు. ఈతచాప మీద మూడు రాత్రులు పడుకుని చూశాడట, తుంటి ఎముక నేలకు తగులుతోందట. అయ్యవారు బొంత తెచ్చుకోమన్నారు. ఆ వారమే బొంత సంగతి కూడా తేలిపోయింది. అది బరువు, మంచుకు తడిస్తే మధ్యాహ్నం దాకా ఆరదు, తడిసిన బొంతను వీపున మోసుకుంటూ ఎట్లా నడవడం? ఆ మాటా నిజమే. అయ్యవారికి అప్పటికింకా విసుగు రాలేదు. కొయ్యతో మంచాలు చేసిన చెయ్యి కనుక ఓపికగా విడమరచి చెప్పారు.

"సూడప్పా, వెల్లకిలా పడుకునేవానికి రెండు వేళ్ల మందం చాలు. పక్కకు తిరిగి పడుకునేవానికి తుంటి కింద, భుజం కింద ఇంకొంచెం కావాల. మాఘంలో చలి పైనుంచి కాదు, నేలనుంచి వస్తాది. కాబట్టి మెత్తన ఎంతుందని కాదు, చలిని ఎంత ఆపుతాదని సూసుకో. నువ్వెట్ల పడుకుంటావు? వెల్లకిలా? పక్కకా?"

"నిద్రలో ఎట్ల తిరుగుతానో నాకెట్ల తెలుస్తాది అయ్యవారూ?"

విసుగు అక్కడ మొదలైంది.

ఆ తర్వాత మద్దిలేటి కర్నూలు వెళ్లి నీలిరంగు స్పాంజి పరుపు తెచ్చాడు. ఒక వేలి మందం. చాలదనిపించింది. మూడు వేళ్లది తెచ్చాడు. అది మెత్తగానే ఉంది కానీ చుడితే గుమ్మడికాయంత చుట్ట అయింది, అడవిలో కొమ్మలకు తగులుకుంటుందేమోనని బెంగ పట్టింది. ఎవరో చెబితే హైదరాబాదు నుంచి గాలి పరుపు తెప్పించాడు. మడిస్తే చెంబంత, ఊదితే మంచమంత. పాఠం జరిగే వసారాలోనే కూర్చుని ఊదాడు. పావుగంట పట్టింది. ముఖం ఎర్రబారింది. పడుకుంటే చల్లగా ఉంది, కదిలితే కిర్రుమంది, ముల్లు గుచ్చుకుంటే ఏం గతి అని మళ్లీ దిగులు. తాను పడుకోవడమే కాదు, వచ్చినవాళ్లందరినీ పడుకోబెట్టాడు. "నీకెట్లుంది? నడుముకేమన్నా తెలుస్తాందా?" అని అడిగి వాళ్ల మాటలు విన్నాడు. ఒకరు బాగుందన్నారు, ఒకరు జారుతోందన్నారు. రెండూ పట్టుకుని అయ్యవారి దగ్గరకు వచ్చాడు.

ఒకరోజు అయ్యవారు సుషుప్తిని గురించి చెబుతున్నారు. జాగ్రత్తు అయింది, స్వప్నం అయింది, కలలు కూడా లేని గాఢనిద్రలో మనిషి ఎక్కడ ఉంటాడన్న చోటికి పాఠం వచ్చింది. మద్దిలేటి చెయ్యెత్తాడు. ఇన్నాళ్లకు ఒక మంచి ప్రశ్న వస్తుందని అయ్యవారు సంతోషించారు.

"అయ్యవారూ, ఆ నిద్ర పట్టాలంటే కింద ఏముండాల?"

అందరూ గొల్లుమన్నారు. అయ్యవారు పుస్తకం మూసేశారు.

"మద్దిలేటీ! శ్రీశైలం పోయేది నువ్వా, నీ పరుపా? అది పోతాంటే నువ్వు దాని వెనకాల తోడు పోతాండావా? రెండు నెలలాయె. చెప్పిందే చెప్పి నా నోరు అరిగిపాయె. ఇంకొక్కసారి నా ముందర పరుపు అన్నావంటే నిన్ను ఇంట్లోనే పెట్టి పోతా!"

అందరితోపాటు మద్దిలేటీ నవ్వాడు. మర్నాడు వచ్చి, పరుపు అనే మాట ఎత్తకుండా, దిండు గురించి అడిగాడు.

చివరకు ఎటూ తేల్చుకోలేక స్పాంజిదీ గాలిదీ రెండూ కట్టుకుని బయలుదేరాడు. వీపు మీద ఆ నీలి చుట్ట ప్రతి కొమ్మకూ తగులుకునేది. వెనకవాళ్లు ఆగి విడిపించాల్సి వచ్చేది. మొదటి రాత్రి నాగలూటి దగ్గర మూడు చోట్లు మార్చి పరిచాడు. తెల్లవారుజామున అయ్యవారు లేచి చూస్తే, ఆ రెండు పరుపుల మీద మద్దిలేటి కూర్చుని ఉన్నాడు. పడుకోలేదు. అయ్యవారు చూసీ పలకరించలేదు. పలకరిస్తే ఏం అడుగుతాడో తెలుసు గనక.

రెండో రోజు పొద్దెక్కాక పెచ్చెరువు వైపు నడుస్తుంటే, దారిలో పది పన్నెండుమంది గుంపుగా ఆగి ఉన్నారు. ఆదోని వైపు పల్లెవాళ్లు. మధ్యలో ఒక ముసలామె రాళ్ల మీద పడి ఉంది. పేరు హంపమ్మ, డెబ్బై దాటిన మనిషి. కాలు జారి పక్కకు పడింది, తుంటి విరిగినట్టుంది. కాలు కదిపితే అరుస్తోంది. ఆమె అన్న కొడుకు జీపు కోసం పెచ్చెరువు శిబిరానికి పరుగెత్తాడు. వచ్చేసరికి సాయంత్రమవుతుందని అందరికీ తెలుసు.

ఎవరూ ఏమీ అనకముందే మద్దిలేటి చుట్ట విప్పాడు. మోకాళ్ల మీద కూర్చుని నేల మీది రాళ్లూ పుల్లలూ ఏరేశాడు. అరచేత్తో నేలంతా తడిమి, ఎత్తుగా ఉన్నచోట మట్టి గీకి సమం చేశాడు. ముల్లు గుచ్చుకోకుండా స్పాంజి కింద వేశాడు, దాని మీద గాలి పరుపు పెట్టి ఊదాడు. గట్టిగా కాకుండా, విరిగిన తుంటి కొంచెం దిగి కూర్చునేటట్టు సగమే ఊదాడు. నలుగురిని నాలుగు వైపులా నిలబెట్టి, ఆమె నడుము వంగకుండా ఎట్లా ఎత్తాలో చెప్పి ఎత్తించాడు. ఆ పని చెయ్యడం అక్కడ ఇంకెవరికీ తెలియదు.

"అప్పుడనుకున్నా తల్లీ, రెండు నెలల రంపం వృథా పోలేదని," అన్నారు అయ్యవారు. "కథ ఆడికైపోయిందనుకున్నా. కాలేదు."

హంపమ్మ ఆ పరుపు మీద పట్టుమని పావుగంట కుదురుగా ఉండలేదు.

"నాయనా, ఇది మునిగిపోతాంది."

మద్దిలేటి వచ్చి గాలి ఊదాడు.

"నాయనా, ఇప్పుడు రాయి మాదిరుంది."

మద్దిలేటి గాలి వదిలాడు. తల పల్లంగా ఉందంది, తువ్వాలు మడిచి పెట్టాడు. తల మిట్టగా ఉందంది, తీశాడు. కిర్రుమంటోందంది. ఎండ పడుతోందంది. నీడకు చీర కట్టారు, చలేస్తోందంది. మధ్యాహ్నానికి అందరి ఓపికా అయిపోయింది. ఆమె ఊరివాళ్లే నలుగురు దూరంగా వెళ్లి సద్దిమూటలు విప్పుకుని ఆమెకు వినబడేటట్టే గొణుక్కున్నారు. చివరికి అయ్యవారే లేచి వెళ్లారు.

"అమ్మా, ఇంతకంటే మంచి పరుపు ఈ అడవిలో యాడా దొరకదు. ఇది రెండు నెలలు పరీక్ష చేసి తెచ్చిన పరుపు. కొంచెం ఊరుకో తల్లీ, జీపు వస్తాది."

హంపమ్మ కళ్లు మూసుకుంది. అయ్యవారు వచ్చి చెట్టు నీడన కూర్చున్నారో లేదో, "నాయనా, పరుపు..." అని మళ్లీ గొంతు వినబడింది.

మద్దిలేటి అప్పటికే లేచాడు.

అప్పుడు అయ్యవారు ఊరికే, విసుగుతోనే, అతన్నే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఒకటి గమనించారు. మద్దిలేటి పరుపుకు ఏమీ చెయ్యడం లేదు. ఆమె పక్కన కూర్చుంటున్నాడు. పరుపును అరచేత్తో రెండుసార్లు తట్టి, "ఇప్పుడెట్లుందవ్వా?" అంటున్నాడు. "ఇప్పుడు బాగుంది నాయనా," అంటోంది ఆమె. ఎనుములెన్ని ఉన్నాయవ్వా, పాలెన్ని ఇస్తాయవ్వా అని అడుగుతున్నాడు. కోడలు వంట బాగా చేస్తుందా అని అడుగుతున్నాడు. ఆమె చెబుతోంది. చెబుతున్నంతసేపూ నొప్పి మాట ఎత్తడం లేదు. అతను నీళ్లకని లేస్తే చాలు, "నాయనా, పరుపు..."

అయ్యవారు చెంబుతో నీళ్లు తీసుకుని తామే అక్కడికి వెళ్లారు. హంపమ్మకు కొంచెం కునుకు పట్టింది. ఆమె చెయ్యి మద్దిలేటి చేతిలో ఉంది.

"నువ్వు పరుపుకేమీ చెయ్యలేదే? మరి ఎట్ల బాగుందంటాది?" అని గొంతు తగ్గించి అడిగారు.

"పరుపుకేమీ కాలేదు అయ్యవారూ. ఆమెకు భయమైతాంది. కండ్లు మూస్తే మళ్లా తెరుస్తానో లేదోనని. అంత పెద్దామె, నలుగురిలో, భయమైతాంది దగ్గర కూర్చో అని ఎట్ల అడుగుతాది? పరుపు బాగలేదంటే మనిషి వస్తాడు గదా."

"నీకెట్ల తెలిసె?"

మద్దిలేటి తల ఎత్తలేదు. హంపమ్మ చేతి మీద వాలిన ఈగను తోలాడు.

"నేనూ పుష్యమాసం నుంచి పరుపే గదా అయ్యవారూ అడుగుతాండేది."

అప్పుడు గుర్తొచ్చింది అయ్యవారికి. కిందటి కార్తీకంలో మద్దిలేటి అన్న ఈరన్న పోయాడు. అన్నదమ్ములిద్దరూ మిద్దె మీద పక్కపక్కన పడుకున్నారు. తెల్లవారి మద్దిలేటి తట్టి లేపితే అన్న లేవలేదు. ఏ జబ్బూ లేదు, ఏ మూలుగూ లేదు. పదకొండో నాడు అయ్యవారు ఆ ఇంటికి వెళ్లారు కూడా. దేహం వస్త్రం లాంటిదని గంటసేపు చెప్పారు. బాగా చెప్పానని అనుకుంటూ తిరిగొచ్చారు. ఆ రోజు మద్దిలేటి ఏమీ అడగలేదు. ఆ తర్వాత నెలన్నరకు వచ్చి, కింద ఏం పరుచుకోవాలని అడిగాడు.

"ఇంట్లో నిద్రపోతాండావా?" అని అడిగారు అయ్యవారు.

"కూర్చుంటాండా అయ్యవారూ. పడుకుంటే గుండె దడదడమంటాది. బాగా నిద్రపట్టే పరుపు ఒకటి దొరికితే, ఈ తలపులు రాకముందే పట్టేస్తాదేమోనని..."

మాట పూర్తి కాలేదు. హంపమ్మకు మెలకువ వచ్చింది. "నాయనా..." అంది. "ఈడే ఉండానవ్వా," అన్నాడు మద్దిలేటి. అయ్యవారు ఆమెకు రెండో పక్కన కూర్చున్నారు. పొద్దు వాలేదాకా అట్లా ఇద్దరూ చెరో పక్కన కూర్చుని, ఆమె ఎనుముల కథలు విన్నారు.

పొద్దు గుంకేముందు జీపు వచ్చింది. పరుపులతోపాటే ఆమెను ఎత్తి వెనక పడుకోబెట్టారు. ఆమె మద్దిలేటి చెయ్యి వదల్లేదు. అతనూ విడిపించుకోలేదు, జీపెక్కాడు. శివరాత్రి నాడు తక్కినవాళ్లు మల్లన్న దర్శనం చేసుకుంటుంటే, మద్దిలేటి ఆత్మకూరు ఆస్పత్రిలో హంపమ్మ మంచం పక్కన ఉన్నాడు. ఆమె బతికింది. ఆరు నెలలకు కర్ర పట్టుకుని నడిచింది. పరుపులు మాత్రం తిరిగి రాలేదు. గాలిది కిర్రుమంటుందని వంకలు పెడుతూనే, హంపమ్మ రెండూ ఇంటికి పట్టుకుపోయిందట.

అయ్యవారు చెప్పడం ఆపారు. పద్మాక్షి అడిగింది.

"ఆ తర్వాత ఆయప్ప మళ్లా ఎప్పుడన్నా అడిగినాడా అయ్యవారూ, పరుపు గురించి?"

"లేదు తల్లీ," అన్నారు అయ్యవారు. "వారానికొకసారి నేనే ఆళ్లగడ్డ పోయి, పరుపెట్లుందప్పా అని అడిగొస్తాండా."